రివాల్వర్‌కి తోలు ఒర: మూడు వారాలన్నది నాలుగు నెలలైంది

ఆర్డరు వచ్చింది 2024 ఫిబ్రవరి 26న. సరుకు అప్పగించింది జూన్ 29న. నేను చెప్పిన గడువు మూడు వారాలు. ఇందులో కుట్టుపని ఆరు గంటలు కూడా పట్టలేదు. మిగతా కాలం ఎక్కడ పోయిందో, డబ్బు ఎక్కడ కారిపోయిందో రాస్తున్నాను. బెల్టులు, పర్సులు కుట్టేవాళ్ళకి హోల్‌స్టర్ ఆర్డరు వస్తే అదీ ఒక లావుపాటి పర్సే కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

ఆర్డరిచ్చినాయన మా చెన్నై షావుకారుపేటలో వెండి వ్యాపారి, తెలుగువారు, అరవై దాటిన మనిషి. కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్‌కి లైసెన్సు ఉంది. బజారులో కొన్న నైలాన్ ఒరలో రివాల్వర్ అటూ ఇటూ ఊగుతోందనీ, కూర్చున్నప్పుడు పక్కటెముకల్లో పొడుచుకుంటోందనీ ఆయన బాధ.

మార్చి 3, ఆదివారం, కొలతలకి వాళ్ళింటికే వెళ్ళాను. "రెండు రోజులు నీ దగ్గరే ఉంచుకో బాబూ, నమ్మకం లేకనా" అన్నారు. ఇది నమ్మకం సంగతి కాదు, 1959 ఆయుధాల చట్టం సంగతి. లైసెన్సు ఆయన పేరున ఉంది, నా పేరున లేదు. కొత్తగా ఈ పని చేసేవాళ్ళు ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు. వస్తువు యజమాని ఎదురుగానే ఉండాలి, కొలతలన్నీ ఆయన ముందే తీసుకోవాలి. తూటాలు తీయించి పక్కగదిలో పెట్టించాను. ఆ రివాల్వర్ పాత బ్రిటిష్ వెబ్లీ పద్ధతిది. మీట నొక్కితే గొళ్ళెం విడి, నడుం దగ్గర విరిచినట్టు ముందు సగం కిందికి వంగుతుంది, తూటాలు పెట్టే సిలిండర్‌లోని ఆరు గదులూ పైకి కనిపిస్తాయి. ఆయన విరిచి ఆరూ ఖాళీ అని చూపించాక గానీ నేను కాగితం తీయలేదు.

అచ్చు గీయడానికి పెన్సిల్ వాడకండి. దాని లావు వల్ల గీత చుట్టూ మూడు మి.మీ. పెద్దదైపోతుంది. పెన్సిల్ కాస్త వాలినా అంతే సంగతి. హోల్‌స్టర్‌లో మూడు మి.మీ. తేడా అంటే లొడలొడ. నేను బాల్‌పెన్ రీఫిల్ ఒక్కటే తీసి, నిటారుగా పట్టుకుని గీస్తాను. తర్వాత వెర్నియర్‌తో తొమ్మిది చోట్ల మందం కొలిచాను: గొట్టం మొదలు, చివర, ముందు గురి (గొట్టం కొసన ఉండే సైటు) ఎత్తు, సిలిండర్ మధ్య, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడియం మందం, పిడి పైభాగం, ఇలా. ఫోటోలు కూడా తీశాను. పక్కన స్కేలు పెట్టి, రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీయాలి. దగ్గర్నుంచి తీస్తే మధ్య భాగం ఉబ్బినట్టు వస్తుంది. అన్నీ జాగ్రత్తగానే చేశాననుకున్నాను. ఫోటోలన్నీ కుడివైపువే. ఎడమవైపు ఒక్కటీ తీయలేదని జూన్‌లో తెలిసింది.

రకం ఎంచుకోవడానికి ఇంకో గంట. ఆయనకి పోలీసులది లాగా పైన మూత ఉన్న ఒర కావాలి. కానీ రోజంతా గద్దె మీద కూర్చునే మనిషికి ఆ మూత పొట్టలో గుచ్చుకుంటుంది. బయట తిరిగేటప్పుడు పిస్తోలు, రివాల్వర్ లాంటివి ఒంటికి కట్టుకున్న ఒరలో, పూర్తిగా కప్పి ఉంచాలని 2016 ఆయుధ నియమాల్లో ఉంది. చొక్కా బయటికి వదిలి వేసుకుంటారు కాబట్టి ఆ కప్పడం చొక్కా చూసుకుంటుంది. అందుకని రెండు తోలు ముక్కల మధ్య రివాల్వర్ ఇమిడే పాన్‌కేక్ రకానికి ఒప్పించాను. ఇది నడుముకి అంటుకుని ఉంటుంది, బరువు బెల్టు దూరే రెండు చీలికల మధ్య పంచుకుంటుంది. హ్యామర్ (తూటాని కొట్టే సుత్తి) వెనక నుంచి ఒక పట్టీ, దానికి టిచ్ బటన్. ఒంటివైపు ముక్కని కాస్త పైకి పెంచి చెమట అడ్డు. ఆ రోజు ఆయన పెట్టుకున్న ప్యాంటు బెల్టు 35 మి.మీ. చీలికలు 40 మి.మీ. అని రాసుకున్నాను. 4,500 చెప్పాను, 2,000 అడ్వాన్సు ఇచ్చారు.

మార్చి 5న తోలు కొట్లుండే పెరియమేడు వెళ్ళాను. అక్కడ ఏ కొట్టులో అడిగినా ప్రతి తోలూ 'వెజ్ టాన్' సార్. హోల్‌స్టర్‌కి ఆ వెజ్ టాన్, అంటే చెట్టు బెరడుతో పదును చేసిన తోలే కావాలి. క్రోమ్ లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు తడిపి నొక్కితే ఆరాక మళ్ళీ బల్లపరుపుగా అయిపోతుంది, ఆకారం నిలవదు. పైగా అందులో మిగిలే లవణాలు ఉక్కుకి తుప్పు తెస్తాయి. తేడా కొట్లోనే పట్టొచ్చు. కోసిన అంచు చూస్తే క్రోమ్ తోలు మధ్యలో నీలి బూడిదరంగు గీత ఉంటుంది. నీటిచుక్క వేస్తే వెజ్ టాన్ వెంటనే పీల్చుకుని నల్లబడుతుంది, క్రోమ్‌ది చాలాసేపు పైనే ఉంటుంది. చిన్న పీచు కాలిస్తే క్రోమ్ బూడిద ఆకుపచ్చగా వస్తుంది. ఇన్ని తెలిసీ, సాయంత్రం అంగళ్ళు మూసేవేళ తొందరలో, అంచుకి కూడా గోధుమరంగు పూసిన తోలు నాలుగు చదరపుటడుగులు అడుగు 95 చొప్పున కొన్నాను. ఇంటికొచ్చి కాలిస్తే పచ్చబూడిద. ఆ 380 రూపాయలు నా ఖాతాలోనే రాసుకున్నాను. అగ్గిపెట్టె జేబులోనే ఉంది మరి.

పెరియమేడులో మంచి వెజ్ టాన్ లేదని కాదు. సంప్రదాయంగా తంగేడు చెక్క, కరక్కాయ వాడి పదును చేస్తూ వచ్చిన ఈస్టిండియా తోలు ఈ ప్రాంతానిదే. కానీ నాకు అక్కడ దొరికింది ఒకటిన్నర మి.మీ. లోపు పల్చటిది. లోపలి అతుకులకి మేక తోలు ఒక ముక్క తెచ్చుకున్నాను. అసలు ఒరకి మూడున్నర మి.మీ. మందం కావాలంటే జీను, పగ్గాల తోలు చేసే కాన్పూర్ దిక్కే చూడాలి. రివాల్వరూ కాన్పూర్‌దే, తోలూ కాన్పూర్‌దే. మార్చి 7న ఆర్డరు పెట్టాను. కావలసింది రెండు చదరపుటడుగులు, వాళ్ళిచ్చే కనీసం పది. అడుగు 210, కొరియర్ 340. పదకొండు రోజులకి, 18న వచ్చింది. అడిగింది 3.5 మి.మీ., వచ్చింది వీపు దగ్గర 3.6, పొట్ట దగ్గర 2.8. పొట్టవైపు తోలు సాగుతుంది, హోల్‌స్టర్‌కి పనికిరాదు. వీపు భాగంలో నున్నగా ఉన్నచోట చూస్తే పశువుకి వేసిన వాత, అరచేయంత. మెడ దగ్గర కాడి మోపిన కాయ. అక్కడక్కడా పిడుదులు కరిచిన గుంటలు. మన పశువుల తోలు అంతే. వాత పడినచోట కోస్తే తడిపి నొక్కినప్పుడు అక్కడే పగులుతుంది. అచ్చుని నాలుగు దిక్కులా తిప్పి తిప్పి రెండు ముక్కలు వచ్చేచోటు పట్టడానికి ఒక పూట పట్టింది. రెండు ముక్కలూ వెన్నుకి ఒకే దిశలో కోయాలి. లేకపోతే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగి ఒర మెలి తిరుగుతుంది.

తోలు దారిలో ఉండగానే, మార్చి 16న లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. కోడ్ వచ్చిందంటే లైసెన్సు ఆయుధాలు అప్పజెప్పమంటారు. 19న ఆయన ఫోన్ చేసి, "స్టేషన్లో పెట్టేశానయ్యా, రసీదు ఇచ్చారు, ఇక జూన్ దాకా రాదు" అన్నారు. తమిళనాడులో పోలింగు ఏప్రిల్ 19నే అయినా లెక్కింపు జూన్ 4న. కోడ్ తీసేసేదాకా రాదు. హోల్‌స్టర్ పనిలో ఉన్నవాళ్ళు ఆర్డరు తీసుకునే ముందు ఎన్నికల క్యాలెండరు చూసుకోవాలని అప్పుడు తెలిసింది. అడ్వాన్సు వెనక్కిస్తానన్నాను. "ఆగు, తొందరేముంది" అన్నారు. కొలతలు చేతిలో ఉన్నాయి కాబట్టి చెక్కతో నమూనా చేయించి దాని మీద పని ముగించి, జూన్‌లో ఒక్కసారి సరిచూద్దాం అనుకున్నాం.

విదేశాల్లో ఈ పనికి నీలం ప్లాస్టిక్ నమూనాలు వాడతారు. మన రివాల్వర్‌కి సరిపోయేది నాకు దొరకలేదు. విల్లివాక్కంలో ఒక వడ్రంగికి అచ్చు, కొలతల పట్టిక ఇచ్చి టేకు ముక్కలో చెక్కమన్నాను. 900 రూపాయలు, రెండు వారాలు. వడ్రంగికి మూడు సంగతులు ముందే చెప్పాలి. ట్రిగ్గర్ కడియం లోపలి ఖాళీని పూర్తిగా తొలవకూడదు, నాలుగైదు మి.మీ. లోతు చాలు. ఎక్కువ తొలిస్తే తడితోలు అందులోకి దిగిపోయి ట్రిగ్గర్‌ని తాకుతుంది. ముందు గురి నుంచి గొట్టం పొడవునా ఆరు మి.మీ. చెక్కపుల్ల అతికించాలి. అప్పుడే గురి బయటికొచ్చేటప్పుడు తోలుని గీరకుండా లోపల కాలువలా దారి ఏర్పడుతుంది. అన్నీ అయ్యాక వార్నిష్ రెండు పూతలు, లేకపోతే టేకు రంగు తడితోలుకి ఎక్కుతుంది. మూడూ చెప్పాను. పిడి అతుకుకి మేకు వాడొద్దని చెప్పలేదు.

అచ్చు వెడల్పు లెక్క ఇది. రివాల్వర్ గీత నుంచి కుట్టుగీత ఎంత దూరం ఉండాలంటే, అక్కడి మందంలో సగానికి తోలు మందం కలపాలి. ఉదాహరణకి ఒకచోట 34 మి.మీ. మందం ఉంటే 17, దానికి 3.6 కలిపితే 20.6. ఇంకా రెండు మి.మీ. 'జాగ్రత్త కోసం' కలపాలని చెయ్యి లాగుతుంది. కలపొద్దు. తడితోలు ఎలాగూ సాగుతుంది. ట్రిగ్గర్ కడియం మొత్తం తోలు కింద ఉండాలి, వేలు బయటినుంచి అందకూడదు. పిడికీ తోలు అంచుకీ మధ్య మూడు వేళ్ళు పూర్తిగా చుట్టేంత ఖాళీ ఉండాలి. మొదట చార్టు కాగితం, తర్వాత హవాయి చెప్పుల షీటు మూడు మి.మీ.ది కోసి స్టేప్లర్‌తో బిగించి నమూనా పెట్టి చూశాను. షీటు ముక్క 60 రూపాయలు. అందులోనే పిడి పక్క ఖాళీ చాలదని తేలింది, తోలు మిగిలింది.

ఉగాది నాడు, ఏప్రిల్ 9న, తోలు మీద మొదటి కోత. చీలికలకి రెండు చివర్లా ముందు గుండ్రటి రంధ్రం కొట్టి తర్వాత మధ్య కోయాలి. నేరుగా కోస్తే ఆ మూల నుంచే చీలుతుంది. గరుకువైపు అంచుల్ని ఉప్పుకాగితంతో రుద్ది, ఎస్‌ఆర్ గమ్ (చెప్పుల పనిలో వాడే రబ్బరు బంక) రెండువైపులా పల్చగా పూసి, పన్నెండు నిమిషాలు ఆగి, వేలికి అంటనప్పుడు అతికించాను. చెన్నై గాలిలో తేమ ఎక్కువ ఉన్న పూట గమ్ మీద సన్నటి తెల్లటి పొర కడుతుంది. అలా కడితే గీరేసి మళ్ళీ పూయాల్సిందే, దాని మీదే అతికిస్తే తడిపినప్పుడు విడిపోతుంది.

కుట్టు 62 సెం.మీ., నాలుగు మి.మీ.కి ఒకటి చొప్పున 155 కుట్లు. ఒకే దారం, రెండు చివర్లా రెండు సూదులు. రెండూ ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా వెళ్ళాలి. మన వీధి చివర చెప్పులు కుట్టేవారి కొక్కెం ఆరెతో చాలా వేగంగా అయిపోతుంది గానీ, ఆ కుట్టులో ఒకచోట దారం తెగితే పక్కవి కూడా వదులవుతాయి. రెండు సూదుల కుట్టు ఒకచోట తెగినా మిగతాది పట్టుకునే ఉంటుంది. దారం కుట్టు పొడవుకి నాలుగింతలు లెక్క వేసి మూడు మీటర్లు కోశాను, ఒక మిల్లీమీటరు మందం పాలిస్టర్, తేనెమైనం పట్టించినది. ఏడు మి.మీ. మందాన్ని స్టిచింగ్ చిజిల్ (రంధ్రాలు కొట్టే పళ్ళ ఉలి) ఒక దెబ్బకి దాటదు. బలంగా కొడితే ఇరుక్కుని పళ్ళు వంగుతాయి. ముందువైపు గుర్తు మాత్రం వేసి, ప్రతి రంధ్రం ఆరెతో పొడవాలి. ఆరె కాస్త వాలిందా, వెనకవైపు కుట్టు వరస తాగినవాడి నడకే. నాకు పిడి దగ్గర వంపులో పది కుట్లు అలా పోయాయి. అవి నడుంవైపు కనక ఎవరికీ కనబడవు. ఆయన మాత్రం మొదట చూసింది అవే.

ఏప్రిల్ 13న తడపడం. చెయ్యి ఓర్చుకునేంత గోరువెచ్చటి నీళ్ళలో ముంచితే బుడగలు వస్తాయి. అవి తగ్గేదాకా, అంటే నిమిషం లోపే. తీసి ఇరవై నిమిషాలు ఆగాలి, పైన తడి కాస్త తగ్గి లోపల మెత్తగా ఉన్నప్పుడే గుర్తు నిలుస్తుంది. నమూనాకి వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ పొర రెండు చుట్లు చుట్టి లోపలికి దించి, మొదట బొటనవేళ్ళతో, తర్వాత నున్నటి ఎముక పుల్లతో కడియం చుట్టూ, సిలిండర్ అంచుల చుట్టూ నొక్కుతూ పోవాలి. గోళ్ళు కత్తిరించుకోండి. తడితోలు మీద గోటి గాటు పడితే అది జీవితాంతం ఉంటుంది.

ఆ సాయంత్రం ఒర మూతి దగ్గర రూపాయి బిళ్ళంత నల్లమచ్చ కనిపించింది. వేలితో తుడిస్తే ఇంకా పాకింది. పిడి అతుకులో వడ్రంగి కొట్టిన ఇనుపమేకు తల అక్కడే ఉంది, దాని దగ్గర ప్లాస్టిక్ పొర చిరిగింది. పాతకాలంలో కరక్కాయ, అన్నభేది (ఒక ఇనుప లవణం) కలిపి సిరా కాచేవారు కదా, ఇదీ అదే. బెరడు పదునులోని వగరుకి ఇనుము తగిలితే సిరా పుడుతుంది. నిమ్మరసం దూదితో అద్ది పది నిమిషాలుంచి కడిగితే సగం పోయింది. ఇంకోసారి చేస్తే ఇంకొంత. పూర్తిగా పోలేదు. లేత తేనెరంగు అనుకున్న హోల్‌స్టర్ ఆ క్షణంలో ముదురు కాఫీరంగుకి మారింది. ఆయనకి ఫోన్ చేసి చెప్పేశాను. "నల్లదైనా ఫరవాలేదు" అన్నారు. మేకు పీకి, రంధ్రంలో చెక్కపుల్ల దిగ్గొట్టాను.

ఆరబెట్టడానికి ఎండ కూడదు, పొయ్యి పక్క అసలే కూడదు. వేడి ఎక్కువైతే తోలు ముడుచుకుని చెక్కలా పెళుసవుతుంది. ఆరిందో లేదో చేత్తో తెలియదు. వంటింటి త్రాసు మీద పెట్టండి. తడపక ముందు 152 గ్రాములు, తడిశాక 221. ఫ్యాను కింద వేలాడదీస్తే మొదటి రోజు బాగా దిగింది. 14 రాత్రి కరెంటు పోయి, తెల్లారేదాకా ఫ్యాను లేదు. 15 పొద్దున గరుకువైపు తెల్లగా బూజు. వెజ్ టాన్ తోలు రెండు రోజులు తడిగా ఉంటే ఈ ఊరి ఉక్కలో బూజు పట్టకుండా ఉండదు. నీళ్ళు కలిపిన వినిగర్‌తో తుడిచి, నమూనా బయటికి లాగి లోపలికీ గాలి తగిలేలా పెట్టాను. మొదటి రోజు తర్వాత నమూనా లోపల ఉంచాల్సిన పని లేదు, ఆకారం అప్పటికే నిలబడుతుంది. ఉంచితే లోపలి తడి పోదు. 17న 155కి దిగింది. అది చాలు.

రంగు గురించి ఎక్కువ చెప్పేది లేదు. స్పిరిట్ రంగు రెండు పూతలు, మధ్య ఒక రోజు, తర్వాత తెల్లగుడ్డకి అంటడం ఆగేదాకా రుద్దుడు. ఇదే చాలా విసుగు పని, గంటన్నర. లోపలివైపు రంగు వేయకూడదు. నూనె కూడా బెల్టుకి పట్టించినట్టు పట్టించకూడదు. మెత్తబడితే పట్టు పోతుంది, హోల్‌స్టర్ గట్టిగా ఉండడానికే కదా ఇంత పని. అంచులకి బంక కోసం నాటుమందుల అంగడిలో బాదం పిసిన్ (బాదం బంక) పదిహేను రూపాయలకి తెచ్చి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టిన నీళ్ళు వాడాను. ఉప్పుకాగితం 220 నంబరు, తర్వాత 400, తర్వాత ఈ బంక, నున్నటి చెక్కతో రుద్దితే అద్దంలా వచ్చింది. టిచ్ బటన్ వెనక బిళ్ళ రివాల్వర్‌కి తగిలి గీతలు పెట్టకుండా మేకతోలు ముక్కతో కప్పి కుట్టాను. ఏప్రిల్ 24కి అంతా అయిపోయింది. గుడ్డసంచిలో పెట్టి అలమారలో ఉంచాను. పాలిథిన్ కవర్లో పెట్టొద్దు, మళ్ళీ బూజే. జూన్‌లో తీసి చూస్తే ఇత్తడి బటన్ అంచున పచ్చటి చిలుము. వగరుతోలూ ఇత్తడీ ఒకచోట ఉంటే వచ్చేదే. పాత బ్రష్‌తో పోయింది. ఈసారి నుంచి స్టెయిన్‌లెస్ బటన్లే.

జూన్ 6న కోడ్ ఎత్తేశారు. ఆయనకి రివాల్వర్ తిరిగి చేతికొచ్చింది 12న. 15న, శనివారం, మళ్ళీ వాళ్ళిల్లు. గుండె దడదడలాడింది, అబద్ధమెందుకు. ఖాళీ చేసిన రివాల్వర్‌ని ఆయనే లోపలికి దించారు. బిగువు. మూడొంతులు దిగి ఆగిపోయింది. అది మామూలే, కొత్త ఒర బిగువుగానే ఉండాలి. ఇంకొంచెం నొక్కితే టక్కున కూర్చుంది. తలకిందులు చేసి ఊపితే పడలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత బయటికి లాగారు. సగం వచ్చేసరికి చిన్న చప్పుడు, గొళ్ళెం మీట కదిలింది. రెండోసారి లాగితే రివాల్వర్ నడుం దగ్గర కాస్త విరిచినట్టే తెరుచుకుంది.

ఆ మీట ఎడమవైపు, హ్యామర్ పక్కన, బయటికి పొడుచుకుని ఉంటుంది. కుడి నడుముకి పెట్టుకుంటే ఎడమవైపంటే ఒంటివైపు, అంటే నేను పైకి పెంచిన చెమట అడ్డు ఉన్నవైపు. పైకి లాగినప్పుడల్లా బిగువు తోలు మీటని ముందుకు నెడుతోంది. నమూనాలో ఆ మీట లేదు, ఎందుకంటే వడ్రంగికి ఇచ్చిన ఫోటోలన్నీ కుడివైపువి. నాలుగు నెలల పనిలో ప్రాణానికి సంబంధించిన తప్పు ఇదొక్కటే. మేకు, బూజు, వంకర కుట్లు అన్నీ అందానివి. అవసరమైనప్పుడు చేతిలోకి తెరుచుకున్న రివాల్వర్ రావడం వేరు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయనేమీ అనలేదు, "కాఫీ తాగు" అన్నారు.

ఆ ఇబ్బంది చాలదన్నట్టు, ఆ రోజు ఆయన పంచెలో ఉన్నారు. పంచె మీద నాలుగు వేళ్ళ వెడల్పు ఆకుపచ్చ బట్టబెల్టు, జేబులున్నది. "కొట్లో ఇదే కదా కడతాను. ప్యాంటు ఎప్పుడో పెళ్ళిళ్ళకి" అన్నారు. మార్చిలో నేను కొలిచింది ఆదివారపు ప్యాంటు బెల్టుని. నా 40 మి.మీ. చీలికల్లో 75 మి.మీ. బెల్టు ఎలా దూరుతుంది? ఏ బెల్టు అని అడగొద్దు, రోజూ ఏం కట్టుకుంటారని అడగండి.

మీట దగ్గర తోలుని మళ్ళీ తడిపి ఉబ్బెత్తుగా చేద్దామని మొదట అనుకున్నాను. కానీ రంగు తర్వాత మైనం పట్టించేశాను, మైనం ఎక్కిన తోలు నీళ్ళు తాగదు. స్పిరిట్‌తో మైనం తీస్తే రంగు లేచిపోతుంది. చివరికి చెమట అడ్డులో మీట ఉన్నచోట అర్ధచంద్రాకారంగా కోసేశాను. మీట చుట్టూ అన్ని పక్కలా ఎనిమిది మి.మీ. ఖాళీ వదిలాను. అంచు మళ్ళీ 220, 400, బంక, రంగు, మైనం. ఈసారి నమూనాకి కూడా మీట పెట్టించాను, వడ్రంగికి ఇంకో 150. హ్యామర్ మొన చొక్కాకి తగలకుండా అడ్డు మిగిలిన భాగం సరిపోయింది, కాస్త తక్కువైనా. పచ్చబెల్టు కోసం మిగిలిన తోలులోంచి వెడల్పాటి వెనకపట్టీ కోసి, 80 మి.మీ. దారి వదిలి, హోల్‌స్టర్ చీలికలకి రెండు మరల బోల్టులతో బిగించాను. ప్యాంటు వేసుకున్న రోజు బోల్టులు విప్పేసి నేరుగా బెల్టుకి ఎక్కించుకోవచ్చు. బట్టబెల్టు మెత్తన కాబట్టి ఒర కాస్త బయటికి వాలుతుంది, పట్టీ వెడల్పు వల్ల ఆ వాలు సగం తగ్గింది. పూర్తిగా తగ్గదని ముందే చెప్పాను.

జూన్ 29న మూడోసారి. ఖాళీ రివాల్వర్‌తో ఇరవై సార్లు లాగించాను, కూర్చుని పది, నిలబడి పది. మీట కదల్లేదు. బిగువు తగ్గడానికి మందపాటి పాలిథిన్ కవర్లో చుట్టి ఒక రాత్రి ఒరలో ఉంచమన్నాను, అదీ ఖాళీ చేసే. ఆ ఒక్క రాత్రి తప్ప రివాల్వర్‌ని ఒరలోనే ఉంచి బీరువాలో పెట్టొద్దని రెండుసార్లు చెప్పాను. వెజ్ టాన్ తోలు తేమ పట్టుకుంటుంది, సముద్రం పక్క ఊరు, వారంలో తుప్పు చుక్కలొస్తాయి. ఒర వేరు, రివాల్వర్ వేరు, రివాల్వర్‌కి పల్చగా నూనె.

డబ్బు లెక్క: తోలు, కొరియర్ 2,440. పనికిరాని క్రోమ్ తోలు 380. నమూనా రెండు విడతలు 1,050. మేకతోలు, దారం, రంగు, బటన్లు, బోల్టులు, షీటు, చిల్లర అన్నీ కలిపి 910. మొత్తం 4,780. తీసుకున్నది 4,500. పని గంటలు రాసుకుంటూ వచ్చాను, ముప్ఫై ఏడు. తోలు ఎనిమిది చదరపుటడుగులు మిగిలింది, నమూనా ఉంది, కాబట్టి ఇదే రివాల్వర్‌కి ఇంకో ఒర అయితే వారంలో, రెండువేల లోపు ఖర్చుతో అవుతుంది. వెనకపట్టీకి ఆయన విడిగా ఇవ్వబోయారు. తీసుకోలేదు, బెల్టు నేను అడగలేదు కదా.

జూలై మొదటి వారంలో ఫోన్. "బాబూ, నడుస్తుంటే కిర్రుచెప్పుల్లా చప్పుడు చేస్తోంది, కొట్లో కుర్రాళ్ళు నవ్వుతున్నారు." పట్టీ, ఒర ఒకదానికొకటి రాసుకునే చోట వచ్చే చప్పుడు అది. బోల్టులు విప్పి రెండు ముఖాలకీ తేనెమైనం రుద్దమన్నాను. రుద్దారట, నడిచేటప్పుడు పోయిందిట. గద్దె మీద కూర్చునేటప్పుడు మాత్రం ఒక్కసారి కిర్రుమంటోందిట. మధ్యలో మేకతోలు ముక్క వేసి చూద్దామన్నాను. శనివారం ఒర ఒక్కటే పట్టుకొస్తామన్నారు.